ఐఆర్ రిసీవర్ ఏ పిన్నుకుందో కెర్నల్‌కి చెప్పేదెవరు?

సంక్షిప్తంగా: రిమోట్ పంపే పరారుణ సిగ్నల్‌ని పట్టుకునే ఐఆర్ రిసీవర్ తానెవరో, ఎక్కడుందో ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నల్‌కి చెప్పుకోలేదు. ఆ వివరం ఒకప్పుడు ప్రతి బోర్డుకీ విడిగా రాసిన సీ కోడ్‌లో ఉండేది. 2013లో లినక్స్‌లోని జీపీఐఓ ఐఆర్ రిసీవర్ డ్రైవర్‌కి (జీపీఐఓ అంటే ఏ పనికైనా వాడుకోగలిగే పిన్ను, డ్రైవర్ అంటే పరికరాన్ని నడిపే కోడ్) డివైస్ ట్రీ అనే హార్డ్‌వేర్ వివరాల పత్రాన్ని చదవడం నేర్పాక ఆ వివరం కోడ్ నుంచి బయటికొచ్చి ఒక రికార్డులోకి చేరింది. చేర్చిన కోడ్ చాలా తక్కువ. కానీ తప్పు జరిగితే వెతకాల్సిన చోటు దానితో మారిపోయింది. రిసీవర్ పనిచేయడం లేదని విద్యార్థులు పడే తంటాల్లో చాలావాటికి మూలం డ్రైవర్‌లో ఉండదు, ఈ రికార్డులో ఉంటుంది.

తంటా ఎక్కడ మొదలవుతుంది

విజయనగరం గంటస్తంభం వైపు బజారులోనో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గరో, కుదరకపోతే ఆన్‌లైన్‌లోనో ఒక మూడు కాళ్ల సెన్సర్ కొంటారు. ఇంట్లో మూలన పడేసిన పాత కేబుల్ బాక్సు రిమోట్ ఎలాగూ ఉంటుంది. వీటికి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు తోడైతే ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి సరుకు సిద్ధం: రిమోట్‌తో ఫ్యాను వేయడం, లైటు ఆర్పడం, పాటలు మార్చడం. ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలో చదివినా, విజయనగరం జేఎన్‌టీయూ గురజాడలో చదివినా ఈ ప్రాజెక్టు తరహా తెలియని ఎలక్ట్రానిక్స్ విద్యార్థి అరుదు.

వైర్లు కలుపుతారు. రిమోట్ నొక్కుతారు. ఏమీ జరగదు. సెన్సర్ పోయిందని ఇంకోటి కొంటారు, అదీ అంతే. ఎప్పుడో రాసిన గైడ్ ఒకటి చూసి అందులో ఉన్న లైన్లన్నీ టైపు చేస్తే కెర్నల్ వాటిని పట్టించుకోదు. ఆ గైడ్ రాసిన నాటి పద్ధతి ఇప్పుడు లేదు కాబట్టి.

మూడు కాళ్ల భాగం చెప్పగలిగేది ఎంత

రిమోట్ ముందున్న ఎల్ఈడీ కంటికి కనపడని పరారుణ కాంతిని వెదజల్లుతుంది. ఫోన్ కెమెరాలో, ముఖ్యంగా సెల్ఫీ కెమెరాలో చూస్తే చాలా ఫోన్లలో అది లేత ఊదారంగులో మెరుస్తుంది. రిమోట్ బాగుందో లేదో చూడడానికి ఇంతకంటే చవకైన పరీక్ష లేదు. ఆ కాంతి ఊరికే వెలిగి ఆరదు. సెకనుకి దాదాపు 38 వేల సార్లు మిణుకుతుంది. ఎండలోనూ, ట్యూబ్‌లైట్ వెలుగులోనూ పరారుణ కాంతి ఉంటుంది కాబట్టి, వాటి నుంచి రిమోట్ సిగ్నల్‌ని వేరు చేయడానికి ఈ 38 కిలోహెర్ట్జ్ లయ పనికొస్తుంది. ఆ మూడు కాళ్ల టీఎస్ఓపీ రకం సెన్సర్ ఆ లయ ఉన్న కాంతినే పట్టించుకుని మిగతాదాన్ని వదిలేస్తుంది.

పట్టుకున్నాక అది చేసే పని ఒక్కటే. మామూలుగా తన అవుట్‌పుట్ కాలుని పై వోల్టేజీలో ఉంచుతుంది, సిగ్నల్ ఉన్నంతసేపు కిందికి దించుతుంది. అంతకుమించి ఏమీ తెలియదు దానికి. ఏ బటన్ నొక్కారో తెలియదు, ఏ కంపెనీ రిమోటో తెలియదు.

బటన్‌ని గుర్తుపట్టాలంటే కిందికి దిగిన సమయాలు, పైకెక్కిన సమయాలు కొలవాలి. బాగా వ్యాపించిన ఎన్‌ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పల్స్, తర్వాత 4.5 మిల్లీసెకన్ల ఖాళీ వస్తాయి. ఆపైన 32 బిట్లు. ప్రతి బిట్‌కీ సుమారు 562 మైక్రోసెకన్ల పల్స్ ఒకటే ఉంటుంది, తేడా అంతా దాని వెనకాల వచ్చే ఖాళీలో ఉంటుంది. ఖాళీ పొట్టిగా ఉంటే సున్నా, దానికి మూడు రెట్లు ఉంటే ఒకటి. బటన్ వదలకుండా నొక్కి ఉంచితే మొత్తం కోడ్ మళ్లీ పంపకుండా, 9 మిల్లీసెకన్ల పల్స్ తర్వాత 2.25 మిల్లీసెకన్ల ఖాళీతో 'మళ్లీ అదే' అన్న చిన్న గుర్తు పంపుతుంది. ఫిలిప్స్ తెచ్చిన ఆర్‌సీ-5 లెక్క వేరు. అది 36 కిలోహెర్ట్జ్ మీద, 14 బిట్లతో నడుస్తుంది.

ఈ కొలతల పని కెర్నల్‌ది. పిన్ను మీద వోల్టేజీ మారిన ప్రతిసారీ ప్రాసెసర్‌ని పిలిచే ఇంటరప్ట్ వస్తుంది, డ్రైవర్ ఆ క్షణాన్ని నమోదు చేస్తుంది, పైనున్న ఆర్‌సీ-కోర్ అనే భాగం ఆ కాలాలను డీకోడర్లకి అందిస్తుంది. ఇదంతా జరగాలంటే ముందు ఒక చిన్న ప్రశ్నకి జవాబు కావాలి. ఏ పిన్ను?

కరణం జ్ఞాపకంలోని లెక్క

యూఎస్‌బీ మౌస్‌ని గుచ్చగానే అది తన తయారీదారు నంబరు, మోడల్ నంబరు చెప్పుకుంటుంది. పీసీఐ కార్డులూ అంతే. మామూలు ల్యాప్‌టాప్‌లో మిగతా వివరాలను దాని ఫర్మ్‌వేర్‌లోని ఏసీపీఐ పట్టికలు అందిస్తాయి. అందుకే ఒకే లినక్స్ పెన్‌డ్రైవ్ పది రకాల ల్యాప్‌టాప్‌లలో బూట్ అవుతుంది. ఆర్మ్ చిప్‌లున్న చిన్న బోర్డుల్లో చాలావాటికి ఈ సౌకర్యం లేదు. పిన్నుకి కలిపిన సెన్సర్ అక్కడ ఉందో లేదో తెలుసుకునే మార్గమే కెర్నల్‌కి లేదు. ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచాలి.

మొదట్లో ఆ చెప్పడం బోర్డు ఫైళ్ల ద్వారా జరిగేది. ఒక్కో బోర్డుకి ఒక్కో సీ ఫైలు. 'ఈ బోర్డులో ఐఆర్ రిసీవర్ ఫలానా నంబరు పిన్ను మీద ఉంది, దాని అవుట్‌పుట్ తలకిందులుగా వస్తుంది' అని ఆ ఫైల్లో రాసేవారు. డ్రైవర్ ఆ సమాచారాన్ని ప్లాట్‌ఫాం డేటా రూపంలో తీసుకునేది. పిన్ను మారిందంటే ఫైలు దిద్ది, కెర్నల్ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేయాలి.

1984లో రద్దయ్యేదాకా మన ఊళ్లలో నడిచిన కరణాల పద్ధతి దీనికి దగ్గరి పోలిక. ఊరి భూమి లెక్క చాలావరకు కరణం చేతిలో, కరణం జ్ఞాపకంలో ఉండేది. ఏ గట్టు ఎవరిదో ఆయన్నే అడగాలి. ఊరికొక కరణం ఉన్నట్టు బోర్డుకొక ఫైలు. ఒకరు రాసే పద్ధతి ఇంకొకరికి ఉండదు. ఆర్మ్ ఫోన్లు, టీవీ బాక్సులు పెరిగేకొద్దీ ఈ ఫైళ్లు గుట్టలుగా పేరుకున్నాయి. 2011లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ పరిస్థితి మీద బహిరంగంగానే అసహనం చూపించాడు. ఆర్మ్ వర్గం డివైస్ ట్రీ వైపు వేగంగా కదిలింది ఆ తర్వాతే.

డివైస్ ట్రీ కొత్తగా పుట్టించిన ఆలోచన కాదు. ఓపెన్ ఫర్మ్‌వేర్ పేరుతో 1994లోనే ఐఈఈఈ 1275 ప్రమాణంగా వచ్చింది. స్పార్క్, పవర్‌పీసీ యంత్రాల్లో అప్పటికే వాడుకలో ఉంది. ఆర్మ్ దాన్ని అరువు తెచ్చుకుంది.

నేలకి అడంగల్, బోర్డుకి డివైస్ ట్రీ

అడంగల్లో సర్వే నంబరు, విస్తీర్ణం, సాగుదారు, పంట, నీటి వనరు ఉంటాయి. పొలం ఎలా దున్నాలో ఉండదు. డివైస్ ట్రీ కూడా ఇంతే. బోర్డు మీద ఏమున్నాయి, ఎక్కడున్నాయి, దేనికి కలిసి ఉన్నాయి అన్నదే చెబుతుంది. వాటిని ఎలా నడపాలన్నది డ్రైవర్ చూసుకుంటుంది. మనుషులు చదవగలిగే టెక్స్ట్‌గా రాసిన ఈ వివరాన్ని డీటీసీ అనే కంపైలర్ చిన్న బైనరీ ఫైలుగా మారుస్తుంది. యంత్రం మొదలవగానే నడిచే బూట్‌లోడర్ కెర్నల్‌తో పాటు దాన్ని కూడా మెమరీలోకి ఎక్కించి అప్పజెబుతుంది. ఇకమీదట పిన్ను మారితే ఈ చిన్న ఫైలు మారిస్తే చాలు, కెర్నల్‌ని ముట్టుకోనక్కర్లేదు.

ఇందులో ఒక్కో పరికరం ఒక నోడ్. ఐఆర్ రిసీవర్ నోడ్‌లో ముఖ్యమైనవి రెండే. ఒకటి 'కంపాటిబుల్' అనే గుణం. దాని విలువ 'జీపీఐఓ-ఐఆర్-రిసీవర్' అన్న పేరు. రెండోది 'జీపీఐఓస్' అనే గుణం. ఏ కంట్రోలర్ కింద, ఎన్నో పిన్ను, ఏ పోలారిటీ (సిగ్నల్ ఉన్నప్పుడు వోల్టేజీ పైకా, కిందికా) అన్నది అందులో ఉంటుంది. ఇవి కాక బటన్ల పట్టిక, అంటే కీమ్యాప్ పేరు చెప్పే గుణం ఒకటి ఇష్టమైతే పెట్టుకోవచ్చు. పేచీలు పుట్టేది దాని దగ్గరే, కాస్త కింద దాని సంగతి.

పోలికని మరీ సాగదీయకూడదు. అడంగల్ తప్పుంటే సర్వేయరు గొలుసుతో వచ్చి కొలవగలడు. డివైస్ ట్రీలో రాసింది నిజమో కాదో కెర్నల్ కొలవలేదు. రికార్డులో చెరువని ఉంటే, నేల మీద ఉద్దానం కొబ్బరితోట ఉన్నా, దానికది చెరువే. ఖాళీ పిన్ను మీద రిసీవర్ ఉందని రాస్తే డ్రైవర్ ఏ ఫిర్యాదూ లేకుండా లోడ్ అయి, ఎన్నటికీ రాని సిగ్నల్ కోసం కాచుకుని కూర్చుంటుంది.

డ్రైవర్‌లో నిజానికి మారిందేమిటి

2012లో కెర్నల్‌లోకి వచ్చినప్పుడు ఈ డ్రైవర్‌కి తెలిసింది ప్లాట్‌ఫాం డేటా ఒక్కటే. 2013 మార్పు నాటికి అందులో నాలుగు సంగతులు ఉండేవి: పిన్ను నంబరు, అవుట్‌పుట్ తలకిందులా కాదా, ఏ ప్రోటోకాల్స్ (ఎన్‌ఈసీ, ఆర్‌సీ-5 లాంటి పద్ధతులు) అనుమతించాలి, ఏ కీమ్యాప్ వాడాలి. ఆ మార్పు ఈ నిర్మాణాన్ని పడగొట్టలేదు. డ్రైవర్ మొదలయ్యే ప్రోబ్ దశలో ఒక చిన్న ఫంక్షన్‌ని చేర్చింది. పరికరానికి డివైస్ ట్రీ నోడ్ ఉంటే దాన్ని చదివి, అదే పాత ప్లాట్‌ఫాం డేటా రూపంలో నింపి ఇస్తుంది. లేకపోతే పాత దారినే నడుస్తుంది. కింద ఇంటరప్ట్ కోడ్‌కి ఈ సంగతే తెలియదు. పాత బోర్డులు చెడకుండా కొత్త పద్ధతి తేవడానికి ఇది తెలివైన దారి. ప్లాట్‌ఫాం డేటాని పూర్తిగా తీసేయడం కొన్నేళ్ల తర్వాత, వాడేవాళ్లు లేరని తేలాకే జరిగింది.

దీంతోపాటు డ్రైవర్ గుర్తించే కంపాటిబుల్ పేర్ల పట్టిక ఒకటి చేర్చాలి. పరికరాన్నీ డ్రైవర్‌నీ జతకలిపేది ఈ పట్టికే. దాన్ని మాడ్యూల్ (కెర్నల్‌లోకి విడిగా ఎక్కించే డ్రైవర్ ఫైలు) సమాచారంలోకి ఎగుమతి చేసే లైను ఇంకొకటి ఉంటుంది. అది మర్చిపోతే తమాషాగా ఉంటుంది. చేత్తో మాడ్యూల్ ఎక్కిస్తే అంతా బాగుంటుంది, రీబూట్ చేస్తే మాత్రం డ్రైవర్ తనంతట తాను రాదు. నోడ్‌ని చూసి ఏ మాడ్యూల్‌ని పిలవాలో యూజర్ స్పేస్‌కి, అంటే కెర్నల్ బయట నడిచే ప్రోగ్రాములకి, తెలిసేది ఆ లైను వల్లే.

బయటికి కనపడని చిక్కు ఇంకోటుంది. రిసీవర్ డ్రైవర్ పిన్ను అడిగే సమయానికి, ఆ పిన్నుల గుంపుని నడిపే జీపీఐఓ కంట్రోలర్ డ్రైవర్ ఇంకా మొదలై ఉండకపోవచ్చు. ఐ2సీ అనే రెండు వైర్ల బస్ మీద వేలాడే పిన్-విస్తరణ చిప్‌ల విషయంలో ఇది మామూలే. అప్పుడు పిన్ను లేదని చేతులెత్తేస్తే రిసీవర్ ఎప్పటికీ పనిచేయదు. అందుకని డ్రైవర్ 'కాసేపయ్యాక మళ్లీ పిలవండి' అన్న అర్థమిచ్చే ప్రత్యేకమైన ఎర్రర్ కోడ్‌తో వెనక్కి తిరుగుతుంది. కెర్నల్ దాన్ని వెయిటింగ్ లిస్టులో పెట్టి, కొత్త డ్రైవర్లు వచ్చాక మళ్లీ ప్రయత్నిస్తుంది. ఈ ఎర్రర్‌ని నిజమైన లోపంలా లాగ్‌లో అచ్చువేస్తే చూసేవాళ్లు కంగారు పడతారు. దాన్ని మౌనంగా పైకి పంపడమే మర్యాద.

కోడ్ ఇంతే. కానీ కెర్నల్ పద్ధతిలో ఈ పనికి కోడ్ కంటే బరువైన భాగం ఇంకోటుంది: బైండింగ్ పత్రం. నోడ్‌లో ఏ గుణాలుండాలి, ఏవి తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం అన్నది విడిగా రాసి, డివైస్ ట్రీ నిర్వాహకుల చేత ఒప్పించుకోవాలి. మొదట్లో ఇది మామూలు టెక్స్ట్ ఫైలు. తర్వాత యామల్ రూపంలోకి మారింది, దాంతో నోడ్ నిబంధనల ప్రకారం ఉందో లేదో యంత్రమే తనిఖీ చేయగలుగుతోంది. ఇంత పట్టుదల ఎందుకంటే బైండింగ్ అనేది ఒప్పందం. బోర్డు తయారీదారు ఒకసారి డివైస్ ట్రీని బూట్ మెమరీలో పెట్టి అమ్మేస్తే, రేపటి కెర్నల్ కూడా దాన్ని చదవగలగాలి. డ్రైవర్‌లో లోపముంటే వచ్చే వెర్షన్‌లో దిద్దుకోవచ్చు. గుణానికి పెట్టిన పేరు బాగోలేదని తర్వాత మార్చడం అంత సులువు కాదు.

ఒక్క అంకె తేడా

రిసీవర్ అవుట్‌పుట్ సిగ్నల్ ఉన్నప్పుడు కిందికి దిగుతుంది కాబట్టి నోడ్‌లో 'యాక్టివ్ లో' అని రాయాలి. సంఖ్యగా రాస్తే అది 1. పొరపాటున 0 రాస్తే జరిగేది కాస్త మోసపూరితంగా ఉంటుంది. ఇంటరప్ట్‌లు వస్తూనే ఉంటాయి, ఎందుకంటే డ్రైవర్ వోల్టేజీ ఎక్కడాన్నీ దిగడాన్నీ రెండింటినీ వింటుంది. ఐఆర్-సీటీఎల్ లాంటి కమాండ్‌తో ముడి డేటా చూస్తే అంకెలు పరుగెడుతుంటాయి. వైరింగ్ బాగానే ఉందనిపిస్తుంది. కానీ పల్స్ అనుకున్నది ఖాళీగా, ఖాళీ అనుకున్నది పల్స్‌గా నమోదవుతుంది. 9 మిల్లీసెకన్ల పల్స్ కోసం చూసే ఎన్‌ఈసీ డీకోడర్‌కి అది ఎప్పుడూ దొరకదు. డేటా వస్తుంది, బటన్ రాదు. సెన్సర్ చెడిపోయి ఉంటే అసలు డేటాయే రాదు కాబట్టి, ఈ లక్షణం కనపడితే మొదట అనుమానించాల్సింది పోలారిటీనే.

కీమ్యాప్ హార్డ్‌వేర్ కిందికి వస్తుందా

హార్డ్‌వేర్ వివరణలో హార్డ్‌వేరే ఉండాలన్నది డివైస్ ట్రీ మూల సూత్రం. ఏ ప్రోటోకాల్స్ అనుమతించాలన్న పాత ప్లాట్‌ఫాం డేటా సంగతి 2013 మార్పులో డివైస్ ట్రీకి రాకపోవడం ఈ సూత్రానికి సరిపోతుంది. అది సాఫ్ట్‌వేర్ నిర్ణయం, బోర్డు లక్షణం కాదు. కీమ్యాప్ పేరు మాత్రం వచ్చింది. ఏ సంకేతం వస్తే ఏ బటన్ అనుకోవాలో చెప్పే పట్టిక అది. టీవీ బాక్సు తయారీదారు తన బాక్సుతో పాటు ఒకే రిమోట్ అమ్ముతాడు కాబట్టి, ఆ రిమోట్ కూడా పరికరంలో భాగమే అన్న వాదనకి బలముంది. సెన్సర్ విడిగా కొని ఏదో ఒక రిమోట్‌తో వాడే విద్యార్థికి ఆ వాదన వర్తించదు. రేపు ఇంకో రిమోట్ తెస్తే సెన్సర్ మారదు, పట్టిక మారుతుంది.

గుణం పేరు ముందు 'లినక్స్' అన్న ముద్ర పడింది ఈ మొహమాటం వల్లే. ఇది అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లకీ సంబంధించిన వాస్తవం కాదు, లినక్స్ సొంత సర్దుబాటు అని ఆ ముద్ర చెబుతుంది. తర్వాతి కాలంలో ఇదే బైండింగ్‌లో ఆటోసస్పెండ్ వ్యవధి గుణం కూడా అదే ముద్రతో చేరింది. కొన్ని చిప్‌లలో ప్రాసెసర్ గాఢనిద్రలోకి జారుకుని, ఇంటరప్ట్‌ని ఆలస్యంగా అందుకుని, మైక్రోసెకన్ల లెక్కలు తప్పడంతో, సిగ్నల్ వస్తున్నంతసేపు దాన్ని మేలుకొని ఉంచడానికి పెట్టిన ఏర్పాటు అది. రెండింటిలో ఇదే ఎక్కువ సమర్థనీయం. నిద్ర నుంచి లేచే ఆలస్యం కనీసం చిప్‌కి సంబంధించిన విషయం. కీమ్యాప్‌ని యూజర్ స్పేస్‌కి వదిలేసి ఉంటే చాలా గందరగోళం తప్పేది.

పాత గైడ్లు ఎందుకు పారవు

రాస్ప్‌బెర్రీ పైలో ఈ మార్పు ఓవర్‌లేల రూపంలో కనిపిస్తుంది. మూల డివైస్ ట్రీని కదపకుండా, బూట్ సమయంలో దాని మీద అతికించే చిన్న అదనపు ముక్క ఓవర్‌లే. పట్టాదారు మారితే అడంగల్ మొత్తం తిరగరాయకుండా మ్యుటేషన్ చేసినట్టు. చాలాకాలం 'ఎల్ఐఆర్‌సీ-ఆర్‌పీఐ' అనే ఆ బోర్డుకి మాత్రమే పరిమితమైన డ్రైవర్ వాడుకలో ఉండేది. 4.19 కెర్నల్‌తో అది వెళ్లిపోయి, దాని స్థానంలో 'జీపీఐఓ-ఐఆర్' ఓవర్‌లే వచ్చింది. ఈ ఓవర్‌లే వెనకున్నది పైన చెప్పుకున్న సామాన్య డ్రైవరే. పాత గైడ్లలోని లైన్లు పారకపోవడానికి కారణం ఇదే. 2023లో రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌కి వచ్చిన బుక్‌వార్మ్ విడుదలలో కాన్ఫిగ్ ఫైలు కూడా బూట్ ఫోల్డర్ నుంచి దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌కి మారడంతో ఇంకో పొర గందరగోళం చేరింది.

కొత్త ఓవర్‌లే ఏ వివరం ఇవ్వకపోతే 18వ జీపీఐఓని, తలకిందులైన పోలారిటీని తీసుకుంటుంది. రెండూ సరైన ఎంపికలే. కీమ్యాప్‌గా మాత్రం మైక్రోసాఫ్ట్ మీడియా సెంటర్ రిమోట్ల ఆర్‌సీ-6 పట్టికని తీసుకుంటుంది. కెర్నల్ ఆ పట్టికకి సరిపడే ప్రోటోకాల్‌నే మొదట తెరిచి ఉంచుతుంది. చేతిలో ఉన్నది ఎన్‌ఈసీ రిమోట్ అయితే అంతా సరిగ్గా ఉన్నా బటన్ రాదు. ఐఆర్-కీటేబుల్ అనే కమాండ్‌తో ఎన్‌ఈసీని తెరిచి, పరీక్ష పద్ధతిలో రిమోట్ నొక్కితే ఒక్కో బటన్ పంపే సంఖ్యలు, అంటే స్కాన్‌కోడ్లు కనిపిస్తాయి. వాటిని చూసి సొంత పట్టిక రాసుకోవడం అరగంట పని.

వైరింగ్ విషయంలో రెండు హెచ్చరికలు చాలు. పాత టీఎస్ఓపీ 1738కీ, టీఎస్ఓపీ 38238కీ కాళ్ల వరుస ఒకటి కాదు, చూడ్డానికి మాత్రం రెండూ ఒకేలా ఉంటాయి. 1738కి 5 వోల్టులు కావాలి, దాని అవుట్‌పుట్ కూడా అంతవరకు ఎక్కుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. 38238ని 3.3 వోల్టుల మీదే నడపొచ్చు కాబట్టి అది కొనడం మేలు.

ఏమీ రానప్పుడు వెతకాల్సిన వరుస

సెన్సర్ మార్చడం ఆఖరున చేయాల్సిన పని. ముందు చూడాల్సింది కెర్నల్ ఏ రికార్డుని చదివిందన్నది. ప్రోక్ ఫోల్డర్‌లో డివైస్-ట్రీ పేరుతో ఆ రికార్డు మొత్తం ఫోల్డర్లుగా, ఫైళ్లుగా పరిచి ఉంటుంది. అందులో ఐఆర్ రిసీవర్ నోడ్ లేకపోతే ఓవర్‌లే అసలు ఎక్కలేదు, కాన్ఫిగ్ ఫైలు దగ్గరికి వెళ్లాలి. నోడ్ ఉండి, సిస్ ఫోల్డర్‌లోని ఆర్‌సీ తరగతి కింద ఏ పరికరమూ కనిపించకపోతే డ్రైవర్ జతపడలేదు. పరికరం కనిపించి ముడి డేటా రాకపోతే పిన్నూ వైరూ చూడాలి. డేటా వచ్చి బటన్ రాకపోతే పోలారిటీ, ప్రోటోకాల్, కీమ్యాప్, ఆ వరుసలోనే.

18వ పిన్ను వాడినప్పుడు నోడ్ పేరు చివర 12 అని ఉంటుంది. అది తప్పు కాదు. 18ని హెక్సాడెసిమల్‌లో రాస్తే 12. బోర్డు మీద పిన్నులు వరుసగా లెక్కపెట్టినా అదే పిన్ను 12వది అవుతుంది, అయితే అది కేవలం కాకతాళీయం. 17వ జీపీఐఓకి మార్చుకుంటే హెక్సాడెసిమల్‌లో 11, బోర్డు మీద కూడా 11. ఈ వరస చూసి అన్ని పిన్నులకీ ఇంతేననుకుని 22కి వెళితే లెక్క తప్పుతుంది. 22 హెక్సాడెసిమల్‌లో 16, బోర్డు మీద మాత్రం 15.